మధ్యాహ్నం మూడింటికి శుక్రుడు

నంద్యాల వెళ్ళొచ్చానని చెప్పగానే మా తాడేపల్లిగూడెంలో అందరూ ఒకటే అడిగారు. మహానందికా, అహోబిలానికా, బెలుం గుహలకా? మూడూ కాదు. ఆళ్లగడ్డలో ఒక పెద్దాయనకు పట్టపగలు ఒక గ్రహాన్ని చూపించడానికి వెళ్ళాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు నా వంక చూసే చూపు మారిపోతోంది. ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, కూర్చుని మొత్తం రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో కొంత పెట్టి కంప్యూటర్ టెలిస్కోపు కొనుక్కున్నాను. మా చెల్లెలు అదే డబ్బుతో గాజులు చేయించుకోమంది, ఇప్పటికీ ఆ మాట మానలేదు. ఈ రకం టెలిస్కోపుకు మోటార్లుంటాయి. ఏ ఊళ్ళో ఉన్నామో, టైమెంతో చెప్పి, ఆకాశంలో తెలిసిన రెండు చుక్కల్ని చూపిస్తే చాలు, మిగతా ఆకాశమంతా అదే లెక్క వేసుకుంటుంది. మీట నొక్కితే గుర్రున తిరిగి అడిగిన గ్రహం ముందు ఆగుతుంది. చిక్కల్లా పగటిపూటే. పగలు దానికి చూపించడానికి చుక్కలెక్కడివి?

నంద్యాలలో నాకు సువార్తమ్మ అనే స్నేహితురాలుంది. ఇద్దరం బి.ఇడి. కలిసి చదివాం. ఆమె గోస్పాడు దగ్గర బడిలో లెక్కలు చెబుతుంది. డిసెంబరులో ఒకరోజు ఫోను చేసి, క్రిస్మస్ శుభాకాంక్షలు కూడా చెప్పకుండా మొదలుపెట్టింది.

"వసంతా, నీ టెలిస్కోపు పగులు పనిచేస్తాదా?"

"పగలు ఏం చూస్తావే?"

"నేను గాదు మే. మా కళావతి ఉండాది గదా, నా దగ్గర చదువుకున్య పిల్ల, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కతాది. వాళ్ళ నాయన వీరాచారికి పుట్టినప్పట్నుంచి రేచీకటి. జీవితంలో ఒగ చుక్కను సూడ్లేదంట. చెక్కేది మాత్రం నవగ్రహాలు. ఇప్పుడు పగటి సూపు గూడా తగ్గిపోతాంది. వచ్చే ఏడుకు ఉంటాదో లేదో అన్న్యాడంట డాక్టరు. నీకేమన్నా చాతనైతే రా. లేకపోతే లేదు."

మాటలు తగ్గించి చెప్పడం వాళ్ళ ఊరి అలవాటు. మా వైపు అయితే ఇదే సంగతిని అరగంట చెబుతారు, చివర్లో ఏడుస్తారు. నేను ఆ రాత్రే పంచాంగమూ ఫోనూ ముందేసుకుని చూశాను. జనవరి చివర శుక్రుడు సూర్యుడికి బాగా దూరంగా, మధ్యాహ్నం మూడు గంటల వేళకు నడినెత్తికి కాస్త దక్షిణంగా ఉంటాడు. పగటి వెలుగులో కూడా టెలిస్కోపుకు అందేంత కాంతి ఆయనకుంది. వస్తానని చెప్పేశాను.

నంద్యాల: ఉగ్గాని, ఆవకాయ, ఒక చిరుగు

రైలు నల్లమల దాటి దిగువకు వచ్చేసరికి తెల్లారింది. సువార్తమ్మ స్టేషనుకు వచ్చి, నా రెండు సంచుల్నీ చూసి, "ఏం మే, సంసారం మార్చుకోని వచ్చినావా?" అంది. ఒకదాంట్లో టెలిస్కోపు గొట్టం, ఇంకోదాంట్లో దాని మూడు కాళ్ళ స్టాండు.

దార్లో బండి దగ్గర ఉగ్గాని తిన్నాం. బొరుగుల్ని తడిపి, పుట్నాల పొడి వేసి తాలింపు పెడతారు, పక్కన పొడవాటి మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు బజ్జీలో మిరపకాయ పేరుకే ఉంటుంది. ఇక్కడ అసలు సంగతంతా మిరపకాయదే. రెండో ముక్కకే నా కళ్ళు కారిపోయాయి. బండాయన చూసి జాలిపడి, "కోస్తా వాళ్ళా అమ్మా?" అని ఇంకో గరిటెడు ఉగ్గాని ఊరికే వేశాడు. చప్పగా ఉండే రెండో వాయి కలిపితే మంట తగ్గుతుందని ఆయన లెక్క. నిజంగానే తగ్గింది.

ఇంటికెళ్ళి టెలిస్కోపు సంచి విప్పాను. సూర్యుణ్ణి చూడాలంటే టెలిస్కోపు మూతికి తప్పనిసరిగా తొడగాల్సిన ఫిల్టరు ఒకటుంటుంది, వెండి కాగితంలాంటి పల్చటి పొర. అది చిరిగింది. చింపింది రైల్వే వాళ్ళు కాదు, కూలీ కాదు. సువార్తమ్మకు ఇష్టమని నేను తెచ్చిన ఆవకాయ సీసా. చీరల సంచిలో నూనె కారుతుందని తెలివిగా టెలిస్కోపు సంచిలో పెట్టాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లేబొరేటరీ జాగ్రత్తలు చెప్పిన మనిషిని నేను.

"అతికియ్యొచ్చు గదా?" అంది సువార్తమ్మ, ఆవకాయ సీసా మూత తీసి వాసన చూస్తూ.

"గుండుసూది మోపిన బెజ్జమున్నా కన్ను పోతుందే. సూర్యుడి జోలికి పోయేది లేదు ఇక."

నా పథకమంతా ఆ ఫిల్టరు మీదే ఉంది. పగలు టెలిస్కోపుకు చూపించగలిగిన ఒకే ఒక్క చుక్క సూర్యుడు. ముందు ఫిల్టరుతో సూర్యుణ్ణి చూపించి, అక్కణ్ణుంచి శుక్రుడి దగ్గరకు పొమ్మంటే ఠక్కున పోతుంది. ఇప్పుడు మిగిలింది ఒకటే దారి. గొట్టాన్ని సరిగ్గా ఉత్తరానికి, సరిగ్గా నేలమట్టంగా పెట్టి, "ఇదే ఉత్తరం, ఇదే సున్నా" అని దానికి చెప్పడం. అందులో ఒక డిగ్రీ తేడా వచ్చినా శుక్రుడు కనబడే వృత్తం బయటికి పోతాడు.

భోజనం ముందు సువార్తమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అన్నానికి స్తోత్రం చెప్పి, ఆవకాయకు చెప్పి, "ఈ పిచ్చిదాని గొట్టాన్ని గూడా సల్లగా సూడు ప్రభువా" అని ముగించింది.

ఆళ్లగడ్డ దారి: సర్వేయర్లమయ్యాం

మర్నాడు పొద్దున్నే బస్సు. రోడ్డుకు రెండు వైపులా శనగ చేలు, మిరప కళ్ళాలు, తూర్పున నల్లమల కొండలు మన వెంటే నడుస్తున్నట్టు ఉంటాయి. స్టాండు సంచిలోంచి కాళ్ళు కొంచెం బయటికి వచ్చాయి. అది చూసి ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"రీసర్వేకు పోతాండారామ్మా?"

కాదన్నాను. ఆయన నమ్మలేదు.

"మాది ముక్కాలెకరా తక్కువ రాసినారు. ఒగసారి వచ్చి సూసి పోండి. యాడికో పోతాండారు గదా, ఆడనే మా చేను."

చుక్కల్ని చూసే మిషను అని సువార్తమ్మ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, "చుక్కల్ని కొలిచేది చేన్ని కొలవల్యాదా?" అన్నాడు. ఫిజిక్సు ప్రకారం ఆయన మాట తప్పని చెప్పలేకపోయాను. దిగేటప్పుడు అరచేయంత బెల్లం ముక్క చేతిలో పెట్టాడు, చేను మాత్రం మరిచిపోవద్దన్నాడు.

వీరాచారి కొట్టం

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల కొట్టాలు వరసగా ఉంటాయి. ఉలి శబ్దం, రాయి కోసే మిషను రొద, తెల్లటి దుమ్ము. చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉన్నాయి. సగం పనైన నందులు, తలలు మాత్రమే ఉన్న నాగులు, ఎవరో చెక్కించుకుంటున్న నిలువెత్తు బొమ్మ ఒకటి కోటుతో. కళావతి గేటు దగ్గరే ఉంది. ముప్పై దాటిన మనిషి, చేతులకు గట్టి కాయలు, ముక్కుకు కట్టుకున్న గుడ్డ మెడలోకి జారి ఉంది.

వీరాచారి ఒక ఎత్తు పీట మీద కూర్చుని రాతిని వేళ్ళతో తడుముతున్నారు. అరవై అయిదు ఉంటాయి. మనిషిని చూడ్డానికి తలను అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి, నా మొహం దొరికాక ఆగారు.

"రాండమ్మా. గోదారి నుంచి నా కోసరం వచ్చినారంట. కూసోండి. నా సూపు గొట్టంలో నుంచి సూసినట్లుంటాది, మధ్యలో ఇంత మాత్రం." బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించారు. "ఇంగ మీ గొట్టం నాకు కొత్త గాదు."

నవ్వాలో వద్దో తెలీక నేను చేతులు కట్టుకున్నాను. ఆయనే నవ్వారు, అందుకని మేమూ నవ్వాం.

షెడ్డు గోడ పక్కన ఎనిమిది గ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. తొమ్మిదోది, శుక్రుడు, ఇంకా మొహం లేకుండా ఉన్నాడు. ఎన్ని సెట్లు చెక్కారని అడిగితే లెక్క లేదన్నారు.

"సూర్యుణ్ణి అందురూ సూస్తారు. చంద్రుణ్ణి నేనూ సూసినా. రాహువు, కేతువు ఎవురికీ కనపడరు. మిగిలినేది ఐదుగురు. వాళ్ళలో ఒగన్ని గూడా సూడ్లా. ఒగన్ని సూసి ఉలి పక్కన పెడదామని."

ఆయన గొంతులో బాధ లేదు. ఎండ కాస్తోంది అన్నట్టే చెప్పారు. ఆవకాయ సీసా గుర్తొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను.

పెరట్లో నున్నగా పాలిష్ పట్టిన నల్లరాతి పలక ఒకటి నేల మీద పరిచి ఉంది. మట్టంగా ఉందని దాని మీదే స్టాండు పెట్టాను. ఫోనులో దిక్సూచి పెట్టి ఉత్తరం చూసి, గొట్టం తిప్పి, మిషనుకు చెప్పాను. శుక్రుడన్నాను. గుర్రున తిరిగి పైకి లేచి ఆగింది. సూర్యుడు షెడ్డు కప్పు వెనకాల ఉన్నాడని రెండుసార్లు చూసుకుని మూత తీశాను. కన్ను ఆనించాను. నీలం. ఇంకేం లేదు.

కొంచెం ఎడమకు, కొంచెం కుడికి, పైకి, కిందికి. గంటన్నర వెతికాను. నీలం రంగు చీరలో తెల్ల పోగు కోసం వెతికినట్టు. వీరాచారి పీట తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు, ఒక్కసారి కూడా "కనపడిందా?" అని అడగలేదు. అడిగితే కాస్త కసురుకోవడానికైనా నాకు వీలుండేది. నాలుగున్నరకు ఎండ వాలాక సువార్తమ్మ నా భుజం మీద చెయ్యేసి, "ఇంగ చాల్లే మే, టీ తాగు" అంది.

సాయంకాలం చుక్క

ఆరు దాటాక, చీకటి ఇంకా పూర్తిగా పడకముందే, పడమటి వైపు షెడ్డు మీద శుక్రుడు తనంతట తానే వెలిగాడు. అంతసేపు దాక్కుని ఇప్పుడు ఎంత నిబ్బరంగా ఉన్నాడో చూడండి. పనివాళ్ళు చేతులు కడుక్కుంటూ చూశారు. రోడ్డు మీద టీ అమ్మే మనిషి చూశాడు.

"నాయనా, అదో సూడు, రేకుల మీద," అంది కళావతి.

"యాడ?"

ఆమె ఆయన తల పట్టుకుని తిప్పింది. ఆయన అటే చూశారు. చాలాసేపు చూశారు. "ఊ," అన్నారు. కనపడలేదని మా అందరికీ తెలుసు. కళావతి చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. లోకమంతటికీ కనిపిస్తున్న దాన్ని ఆయన ఒక్కరికి చూపించలేకపోయానని నాకు ఏడుపొచ్చింది.

ఏడుపు తర్వాత నాకు కోపం వస్తుంది, కోపం వస్తే బుర్ర పనిచేస్తుంది. రాత్రి చుక్కలు ఎలాగూ ఉన్నాయి. రెండు చుక్కల్ని టెలిస్కోపుకు పద్ధతి ప్రకారం చూపించాను. శుక్రుణ్ణి అడిగితే సరిగ్గా మధ్యలో పెట్టింది. ఫోకస్ తిప్పే మర మీద, స్పష్టంగా కనిపించే చోట, కళావతి తెచ్చిన ఎర్రమట్టితో గీత పెట్టాను. పగలు ఫోకస్ ఏమాత్రం తేడాగా ఉన్నా శుక్రుడు నీలంలో కరిగిపోతాడు, ఆ గీత అందుకు. ఆ తర్వాత గొట్టాన్ని దక్షిణానికి పడుకోబెట్టి, మిషన్ని నిద్రపుచ్చాను. ఇలా నిద్రపుచ్చితే ఉత్తరం గుర్తుంచుకుంటుంది, మర్నాడు లేపి అడిగితే చాలు.

"ఈ మూడు కాళ్ళనూ ఎవరూ కదపొద్దు," అని కళావతికి మూడుసార్లు చెప్పాను. పైన దుప్పటి కప్పి నిశ్చింతగా వెళ్ళి జొన్న రొట్టె, ఇక్కడ ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి తిన్నాను. రొట్టె చేత్తో తట్టి ఇంత పెద్దది చేయడం నేను చూడలేదు. మా ఇంట్లో దోశ పెనం మీద పట్టదు.

తూర్పు తిరిగిన టెలిస్కోపు

తెల్లవారి పెరట్లోకి వచ్చేసరికి పేడనీళ్ళు చల్లి ముగ్గేసి ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. టెలిస్కోపు కాళ్ళకు పసుపు, గొట్టానికి కుంకుమ బొట్టు, పక్కన ఊదుబత్తి. గొట్టం తూర్పుకు తిరిగి సూర్యుడి కోసం ఎదురుచూస్తోంది. మూత ఉంది కాబట్టి బతికిపోయాం.

"ఎవరు తిప్పారిది?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

కళావతి చీపురుతోనే వచ్చింది. "నేనే మేడమ్. మా కొట్టంలో పనైనేది ఏదీ దక్షిణం మొగంగా ఉండగూడదు. పొద్దున లేస్తానే తూర్పుకు తిప్పుతాము. చెయ్యి అలవాటు. మీరు కాళ్ళు కదపగూడదన్న్యారు, కాళ్ళు కదపలా. తల మాత్రమే తిప్పినా."

నేను చెప్పింది అచ్చంగా అదే. తల సంగతి చెప్పలేదు. చేత్తో తిప్పితే ఈ మిషనుకు లెక్కంతా పోతుందని చెబితే ఆమె మొహం పాలిపోయింది. తండ్రి కోసం ఇదంతా మొదలుపెట్టిన పిల్ల. ముగ్గు మీదే కూర్చుండిపోయింది. ఇంకో రాత్రి ఉండి మళ్ళీ చుక్కలు చూపిద్దామంటే, ఆ సాయంత్రం నుంచి మబ్బులని ఫోను చెబుతోంది, సువార్తమ్మ సెలవు అయిపోతోంది.

అప్పుడు వీరాచారి లోపల్నుంచి వచ్చారు. అంతా విన్నట్టున్నారు.

"నిన్న పగులు మీరు ఉత్తరం ఎట్ల కనుక్కున్యారమ్మా?"

ఫోను చూపించాను. ఆయన దాన్ని తీసుకుని కళ్ళ దగ్గరగా పెట్టుకుని, నల్లరాతి పలక మీద ఒక మూలన పెట్టారు, ఇంకో మూలకు జరిపారు. ముల్లు సగం గిర్రున తిరిగింది. మట్టి మీద పెడితే ఇంకోలా తిరిగింది. ఆయన పకపకా నవ్వారు.

"ఈ నల్లరాయిలో ఇనుము ఉంటాదమ్మా. దీని మీద దిక్సూచి పెడతారా ఎవురన్నా?"

రాళ్ళలో అయస్కాంత గుణం ఉంటుందని నేను ఏటా పిల్లలకు చెప్పేదాన్ని. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

"మరి మీరు గుడికి దిక్కులు ఎలా పెడతారు ఆచారిగారూ?"

"నీడతో."

దారం, నీళ్ళు

షెడ్డుకు తూర్పున నేలలో పాత బండలు పరిచి ఉన్నాయి. ఆయన చీపురుతో దుమ్ము తోయించారు. బండ మీద వేలెడు లోతున చెక్కిన ఒక కూడిక గుర్తు, ఒక్కో గీత పన్నెండడుగులు.

"మా నాయన చెక్కింది. అప్పుడు షెడ్డు లేదు, అంతా బయలు. నడుమ శంకువు, అదే నీడ పడే పుల్ల, నిలబెట్టి చుట్టూ గిరి గీసినాడు. పొద్దున నీడ కొస గిరిని యాడ తాకిందో ఒగ సుక్క. మద్దేనం దాటినాక మళ్ళా యాడ తాకిందో ఇంగొగ సుక్క. రెంటినీ కలిపితే తూర్పు పడమర. దానికి అడ్డంగా ఉత్తరం. నెల దినాలు దినామూ సూసి, సరిజూసి, అప్పుడు చెక్కినాడు."

నేను బండ మీద కూర్చుని ఆ గీతను వేలితో తడిమాను. నాకు కావలసిన ఉత్తరం నిన్నంతా ఇరవై అడుగుల దూరంలో దుమ్ము కింద ఉంది.

ఇక ఆయన పని మొదలైంది, నేను చెప్పినట్టు చేసేదాన్నయ్యాను. గీత దక్షిణపు కొసన స్టాండు పెట్టి, మధ్యలోంచి దారంతో తూకం గుండు వేలాడదీశాం, గుండు మొన గీత మీదికి వచ్చేదాకా జరిపాం. ఉత్తరపు కొసన ఇంకో గుండు దారం. మూడో దారాన్ని గేటు దాటి, ఎనభై అడుగుల అవతల, వెదురు కర్రలకు కట్టి సువార్తమ్మ చేతికిచ్చాం. వీరాచారి ఒక కన్ను మూసి దారాల వెంట చూశారు.

"ఒంటి కన్నుతో నిట్టనిలువు సూసేది నాకు కడుపులో ఉన్నప్పట్నుంచి అలవాటే. టీచరమ్మా, ఎడమకు! ఇంగొంచెం. ఆ, ఎక్కువైంది. కుడికి వెంట్రుకంత!"

"వెంట్రుకంత అంటే ఎంత అప్పా!" అని అరిచింది సువార్తమ్మ, గాలికి చీరా దారమూ రెండూ ఎగిరిపోతుంటే.

"మీ తల్లో ఉండేంత!"

మూడు దారాలూ ఒకటై కనిపించాక, మట్టం. కట్టడం పనివాళ్ళు వాడే నీళ్ళ గొట్టం తెచ్చారు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్ళు. ఒక కొస టెలిస్కోపు నడుము దగ్గర, ఇంకో కొస ఎనభై అడుగుల అవతల దారం దగ్గర. నీళ్ళు రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలుస్తాయి. కళావతి ఆ ఎత్తున దారానికి ఎర్రమట్టితో చుక్క పెట్టింది. టెలిస్కోపును తిప్పి ఆ ఎర్ర చుక్కను సరిగ్గా మధ్యలోకి తెచ్చాను. అదే ఉత్తరం, అదే సున్నా. మిషనుకు అలాగే చెప్పాను. ఈ రెండు రోజుల్లో పగటిపూట దానితో నేను నమ్మకంగా చెప్పిన మొదటి మాట అది.

కళావతి టెలిస్కోపు దగ్గరకు రాకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

మూడింటికి

రెండున్నరకల్లా సూర్యుడు షెడ్డు వెనక్కి పోయి మా మీద నీడ పడింది. మూడుకు పది నిమిషాలు. మూత పెట్టే ఉంచి, శుక్రుడన్నాను. గొట్టం నెమ్మదిగా తిరిగి, పైకి లేచి, ఆగింది. ఫోకస్ ఎర్రగీతకు తెచ్చాను. మూత తీశాను. పనివాళ్ళు ఉలులు ఆపేశారు. రాయి కోసే మిషను కూడా ఎవరో ఆపారు.

నీలం. నీలం. వృత్తం కింది అంచున, తెల్లగా, చిన్నగా, ఏదో. రెప్ప వేస్తే పోతుందేమోనని వేయలేదు. మీట నొక్కి మధ్యకు తెచ్చాను. సగం చంద్రుడిలా ఉన్న శుక్రుడు, పట్టపగటి నీలంలో, ఏ వణుకూ లేకుండా.

"రండి," అన్నాను. పక్కకు జరిగాను.

ఆయన వచ్చి కన్ను ఆనించారు. "ఏం కనపడ్లా." సువార్తమ్మ పెదాలు కదుపుతోంది, ప్రార్థనే అనుకుంటాను. వీరాచారి తల తీయలేదు. రాతి మీద బీట కోసం వెతికినట్టే, తలను గోరంత పైకి, గోరంత పక్కకు, తన చూపులో మిగిలిన ఆ కాస్త సున్నాను ఆకాశం మీద తిప్పుతూ పోయారు. ఎంతసేపో తెలీదు. తర్వాత తల కదలడం ఆగింది.

"ఉండాడు."

కళావతి ఒక అడుగు ముందుకు వేసి ఆగింది.

"సగమే ఉండాడే. ఉలి అంచు మాదిరి ఎంత పదునుగా ఉండాడు! కళా, ఒగపక్క నున్నగా, ఒగపక్క తెగ్గోసినట్ల. ఎవురు చెక్కినారో గానీ." ఆగి, మళ్ళీ, "కదలకుండా నిలబడినాడు నా కోసరం," అన్నారు.

మోటారు గొట్టాన్ని శుక్రుడి వెంట తిప్పుతోందని చెప్పబోయి ఊరుకున్నాను. నాకు కళ్ళు కారిపోతున్నాయి, ఈసారి బజ్జీ తినకుండానే. కళావతి ముక్కుకున్న గుడ్డతో మొహం కప్పుకుంది. ఆయన నలభై నిమిషాలు చూశారు, మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకోవడానికి తప్ప జరగలేదు. తర్వాత కళావతి చూసింది, పనివాళ్ళు చూశారు, టీ మనిషి టీలు వదిలేసి వచ్చి చూశాడు. పది రూపాయల టీని ఆ రోజు అందరికీ ఊరికే పోశాడు.

ఇక మీ శుక్రుడి చెక్కడం మారుతుందా అని అడిగాను. ఆయనకు నా ప్రశ్న వింతగా తోచింది.

"ఎందుకు మారతాది? కొలతలు కొలతలే గదమ్మా. ఆయన ఆకాశంలో ఆయన లెక్కన ఉంటాడు, ఈడ నా లెక్కన ఉంటాడు."

బయల్దేరే పొద్దున

టక్ టక్ మన్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఏడున్నర అవుతోంది. పెరట్లో వీరాచారి పాత బండల మీద గొంతుక్కూర్చుని ఉలితో చెక్కుతున్నారు. తండ్రి గీత దక్షిణపు కొస చుట్టూ మూడు చిన్న గుంటలు, రూపాయి బిళ్ళంత. నిన్న టెలిస్కోపు తీసేముందు కళావతి మూడు కాళ్ళ చుట్టూ ఎర్రమట్టితో గీసిందట. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

"ఏమిటిది ఆచారిగారూ?"

"మీ మిషను కాళ్ళమ్మా. మీరు గానీ ఇంగెవురన్నా గానీ మళ్ళా తెస్తే ఎతుక్కోనక్కర్లా, ఈ గుంటల్లో నిలబెడితే సాలు." ఉలి పక్కన పెట్టి, దుమ్ము ఊది, వేలితో ఒక్కో గుంటనూ తడిమి చూశారు. "రేపు నాకు కండ్లు పోతే, కాలితో తడుముకుంటా. యాడ నిలబడి సూసినానో తెలుస్తాది."

లేచి మూడు గుంటల మధ్య నిలబడ్డారు. చెప్పుల్లేని కాలి బొటనవేలు ఒక గుంటలో ఆనింది. తల ఎత్తి, నిన్న గొట్టం చూసిన వైపే చూశారు.

"ఇప్పుడు యాడ ఉంటాడమ్మా?"

"ఇంకా పొడవలేదండీ. మీ నల్లమల వెనకాల ఉన్నాడు. పైకొచ్చేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది."

"రానీ అమ్మా," అన్నారు వీరాచారి. "నేను యాడికి పోతా, ఈడనే ఉంటా."